కమాను పట్టీ – గాలితిత్తి



నేడు నేను బరువుబండ్ల చరిత్రనుగూర్చి కొంత ముచ్చటింపదలచితిని. బండిపై పడిన బరువును నేలకు దింపుటకై మన పూర్వులును, తరువాతి వారును ఏయే ఉపాయములు పన్నిరో, అందు కడపటి ఉపాయమైన గాలితిత్తి మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమునకు వచ్చి యేమి చేయుచున్నదో చెప్పెదను. ఆయుష్షంతయు బడిలో శబ్దములు, సంధులు వల్లె వేయించినవాని కీ లారీల గొడవ యేల యని మీరడుగవచ్చును. కారణము గలదు, అందులో నా తప్పును గలదు.

రెండేండ్ల క్రిందట మామిడికాయల కాలమున జగిత్యాల చెంతనున్న చల్‌గల్ మార్కెటునకు పోయితిని. అచ్చట వరుసగా నిలిచిన పికప్పు బండ్లన్నియు వెనుక భాగము క్రుంగి, ముందరి భాగము పైకెత్తి, మొరయెత్తిన కుక్కలవలె నుండెను. వానినడుమ నొక్క బండి మాత్రము నిండ కాయలున్నను మట్టముగా నిలిచియుండెను. అది నాయొద్ద చదువుకొన్న యొకనిది. “ఇది యెట్లురా?” యని యడిగితిని. వాడు నవ్వి, “సారూ, ఎంత ఏసినా కూసోదు” అనెను. మన ప్రాంతమున బండి వెనుకభాగము క్రుంగుటను ‘కూర్చుండుట’ యందురని మీరెరుగుదురు. వాడు నన్ను వంగి చూడుమని ఛాసీకిని ఇరుసునకును నడుమ నున్న నల్లని రబ్బరుతిత్తిని చూపెను. ఎడమ నొకటి, కుడి నొకటి. కమ్మరి కొలిమితిత్తికి ఇది దూరపు చుట్టమే. కొందరు దీనిని ఎయిర్ బ్యాగు అందురు, మరికొందరు బెలూను అందురు. బండి గుద్దుకొన్నపుడు డ్రైవరు ఎదుట ఉబ్బెడి సంచి వేరు, ఇది వేరు. నాకు గాలితిత్తి యను మాటయే బాగున్నది.

చూచి నేను మెచ్చుకొంటిని. అంతటితో నూరకుండక, “అట్లయిన మా తోటకాయలును రేపు నీ బండిలోనే వేయుము” అంటిని. తరువాతి కథ తరువాత చెప్పెదను. ముందుగా ఈ తిత్తి ఎచ్చటినుండి వచ్చెనో చూతము.

బండిబాట లేని చోట బరువు ఎద్దు వీపుననే పోయెడిది. ఉప్పు, ధాన్యము పెరికలకెత్తి, వందలకొలది ఎద్దులతో లంబాడీలు దక్కను దేశమంతయు తిరిగిరి. మొగలాయి సేనలకు సైతము తిండిగింజలు వారే చేర్చిరి. ఆ వ్యాపారమునకు బాట యక్కరలేదు. ఎద్దు నడచినదే బాట. జగిత్యాలలో 1747వ సంవత్సరమున ఇబ్రహీం ఖాన్ ధంసా కాలమున ఫ్రెంచివారి పనితనముతో నక్షత్రాకారపు కోట లేచినది గదా. ఆ కాలమున ఫిరంగులవంటి పెనుబరువులను లాగుటకును ఎద్దుల జతలనే పూన్చువారు.

ఇక బండి. ఇరుసు, దాని రెండు కొసల చక్రములు, చక్రము నడుమ కుండ, కుండనుండి నలుగడల వెడలిన ఆకులు, వానిని చుట్టిన వంపుచెక్కలు, పైని ఇనుప పట్టా. సంస్కృతమున వీనినే అక్షము, నాభి, అరములు, నేమి యందురు. ఈ మాటలు ఋగ్వేదమునందే కలవు. కావున మన వడ్లవాని పని యెంత పాతదో గ్రహింపుడు. కాడిభారమునకు ధుర యని పేరు. ధురను మోయునది ధురంధరము. సభలలో పెద్దలను ధురంధరులని పొగడునపుడు వారిని మంచి యెద్దులతో పోల్చుచున్నామని మనము మరచుచుందుము.

పట్టా తొడుగుట నా చిన్ననాట ఊరిలో నొక ఉత్సవమువంటిది. ఇనుపకడియమును పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకార్లతో నెత్తి చక్రముమీద వేసి, వెంటనే నీళ్లు గుమ్మరింతురు. కాగిన ఇనుము సాగును, చల్లారిన ఇనుము ముడుచుకొనును. ఆ ముడుచుకొనుటతో ఆకులన్నియు కుండలోనికి బిగిసి కిర్రుమనును. మేకు అక్కరలేదు.

అయితే ఆ బండికి మెత్తదన మనునది లేదు. రాయి తగిలిన దెబ్బ పట్టాకు, పట్టానుండి ఆకునకు, ఆకునుండి ఇరుసునకు, ఇరుసునుండి మన వెన్నెముకకు తిన్నగా వచ్చెడిది. కాని ఆ బండిలో నొక గుణము కలదు. బరువును దాచునది కాదు. మూటలు ఇరుసునకు ముందుగా పడెనా, కాడి యెద్దుల మెడలమీద కూర్చుండును. వెనుకకు పడెనా, కాడి పైకి లేచి మెడపట్టెడలు గొంతులకు బిగియును. అందువలన సేద్యగాడు మూటలను ఇటునటు జరిపి కాడిని చేత నెత్తి చూచి తూకము సరిచేసెడివాడు. బరువు మితిమీరెనా, ఎద్దు నిలిచిపోవును. తోక మెలిపెట్టినను కదలదు. ఆ సాక్ష్యమును త్రోసివేయుట ఎవరి తరమును కాదు.

మొదటి మెత్తదనము కమానుతో వచ్చినది. సీమలో దొరల బండ్లు మొదట తోలుపట్టెడలతో వ్రేలాడుచుండెడివి. 1804వ సంవత్సరమున లండనులో ఒబడయా ఎలియట్ అను బండ్లపనివాడు వంచిన ఉక్కుపట్టీల కట్టలమీద బండిని నిలుపు విధమునకు పేటెంటు పొందెను. ఆ కట్టయే మన జట్కాబండి క్రింద చేరి కమాను అను పేరు పొందినది. తరువాత లారీ క్రిందికిని అదియే వచ్చినది. దాని పని చూడుడు: పొడవైన పట్టీ పైన, దాని క్రింద కొంచెము పొట్టిది, దాని క్రింద ఇంకను పొట్టిది, అన్నిటిని నడుమ నొక బోల్టుతో బిగింతురు. బరువు పడినపుడు పట్టీలు వంగుచు ఒకదానిమీద నొకటి రాచుకొనును. వంగుటచే దెబ్బ తగ్గును, రాపిడిచే ఊగుట తగ్గును.

మన హైదరాబాదు సంస్థానమున 1932వ సంవత్సరమున నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను మొదలైనది. బాటలు పడినకొలది బస్సు వెనుక లారీయు వచ్చినది. మన ఈ మూడు ఊళ్లకు లారీ మరింత యవసరము. ఏలయన రైలు చాల కాలము రాలేదు. పెద్దపల్లినుండి నిజామాబాదు వరకు రైలుమార్గము పూర్తియగుటకు 2017వ సంవత్సరము పట్టినది. అంతవరకు కోరుట్ల, మెట్‌పల్లి రైతుల పసుపు నిజామాబాదు మార్కెటునకు పోయినను, సిరిసిల్ల మరమగ్గములకు నూలు వచ్చినను, బట్ట పోయినను కమానుమీదనే.

లారీతోపాటు ‘సహాయపు పట్టీ’ అను నొక తెలివియు వచ్చినది. పెద్ద కమాను పైన నొక చిన్న కట్ట యుండును. ఖాళీబండిలో అది దేనికిని తగలక ఊరక యుండును. బరువు పడి ఛాసీ దిగినపుడు మాత్రమే దాని కొసలు తగిలి తానును భుజము పట్టును. నేటి గాలితిత్తికి తాత యిదియే. కాని మన మెకానిక్కులలో కొందరు మరొక దారి తీసిరి. బండి కూర్చుండుచున్నదా, కమానులో మరి రెండు పట్టీలు చేర్చుము. బండి కూర్చుండుట మానును, నిజమే. ఖాళీగా తిరిగివచ్చునపుడు మాత్రము ఆ బండి పట్టాచక్రపు బండియే యగును. గుంతలో పడిన ప్రతిసారి డ్రైవరు నెత్తి పైరేకునకు తగులును. సగము బరువుతో పోవునపుడు కాయలు ఒకదానినొకటి కొట్టుకొని నల్లబడును. విరిగిన పట్టీలు మాత్రము వృథాగా పోవు. ఆ ఉక్కుతో మన కమ్మరులు చేసిన కొడవండ్లకు మించిన కొడవండ్లు నేను చూడలేదు.

రెండవ మెత్తదనము గాలి. గాలినింపిన రబ్బరుచక్రమునకు 1845వ సంవత్సరమున రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు వాడు పేటెంటు పొందెను. లోక మప్పుడు దానిని పట్టించుకొనలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల సైకిలుకొరకు మరల కనుగొనెను. ఆ పశువైద్యుని పేరిట వెలసిన టైర్లు తరువాత మన దేశపు ఎడ్లబండ్లకును చేరి, ఎందరో ఎద్దుల మెడలకు ఊరట కలిగించుట విచిత్రము.

చక్రములో నిమిడిన గాలిని చక్రమునకు పైన, ఇరుసునకును బండికిని నడుమ ఏల నుంచరాదు? ఈ ప్రశ్న అమెరికాలో పుట్టినది. 1901లో విలియం హంఫ్రీస్ అనువాడు బండ్లకు గాలికమాను పేరిట పేటెంటు పొందెను. అప్పటికి తగిన రబ్బరు లేదు. ఎట్టకేలకు 1953లో జనరల్ మోటార్సువారు తమ బస్సులలో గాలికమానులను నెలకొల్పిరి. అంతకు ముందే, 1949లో, మిషిగన్ రాష్ట్రపు లాన్సింగ్ పట్టణమున ఎయిర్ లిఫ్ట్ అను సంస్థ ఉన్న కమానును తీయక దానికి తోడుగా పెట్టు చిన్న తిత్తులను చేయ మొదలిడినది. మన దేశమున 2001 ప్రాంతమున వచ్చిన వోల్వో బస్సులతో గాలిమీద పయనమెట్టిదో జనులు చవిచూచిరి. 2005లో టాటా ఏస్ అను చిన్నబండి వచ్చినది. జనులు దానిని చిన్న యేనుగు అనిరి. దాని వెనుక పెద్ద పికప్పులు ఊరూర నిండెను. తోటలోని గట్టుదారిలో దిగి, వాగు ఇసుక దాటి, కాయల గంపలయొద్దకే పోవు బండి యిదియే. ఆ పికప్పుల కమానులకు తోడుగా ఇప్పుడిప్పుడే ఈ తిత్తులు అక్కడక్కడ కానవచ్చుచున్నవి.

తిత్తి పనిచేయు విధము సుళువు. సైకిలు పంపు కొసను బొటనవ్రేలితో మూసి నొక్కుడు. మొదట మెత్తగా దిగును, పోను పోను గట్టిపడును. గాలి యెంత ఇరుకునబడిన నంత యెదురునెట్టునని 1662లోనే బాయిల్ అను పండితుడు లెక్కకట్టి చెప్పెను. అందుచేత తిత్తి చిన్నగుంతకు మెత్తగాను, పెద్దగుంతకు గట్టిగాను ఉండును. ఇక బలము సంగతి. తిత్తి అడ్డకొలత 6 అంగుళములనుకొందము. వైశాల్యము సుమారు 28 చదరపు అంగుళములు. అంగుళమునకు 50 పౌండ్ల గాలి కొట్టినచో 1400 పౌండ్లు, అనగా దాదాపు 640 కిలోలు ఒక్క తిత్తియే ఎత్తును. రెండు తిత్తులు కలిసి 1280 కిలోలు. టైరు దుకాణపు పిల్లవాడు కొట్టెడి గాలి ఇంత పని చేయునా యని నాకును మొదట అబ్బురము కలిగినది.

దీని మేలు నేను కాదనను. బండి వెనుక కూర్చుండినపుడు ముందరి చక్రములు తేలికయగును. పాతబండి కాడి పైకి లేచినట్లే. స్టీరింగు మాట వినదు. ముందు బ్రేకులకు పట్టు తగ్గును. దీపములు ఆకాశమును చూచి ఎదుటివాని కన్నులలో పడును. తిత్తి బండిని మట్టము చేసి ఈ బాధలను కొంతవరకు తీర్చును. ఖాళీ యైనపుడు గాలి తగ్గింపవచ్చును గనుక తిరుగు ప్రయాణమున కమాను తన మెత్తదనమును కోల్పోదు. అదనపు పట్టీకంటె ఇది మేలని నిస్సందేహముగా చెప్పుదును.

ఇక నా తోటకాయల సంగతి. మరునాడు సాయంత్రము వాడు బండిని కోరుట్ల ప్రక్కనున్న మా తోటకు తెచ్చెను. గంపలు నింపిరి. బండి కూర్చుండలేదు. మరి పది వేసిరి. కూర్చుండలేదు. వాడు గాలి మరికొంత కొట్టెను. నేను చెట్టుక్రింద కుర్చీలో కూర్చుండి, “ఇంకను మట్టముగానే యున్నది గదా, మిగిలినవి రేపటికేల?” యంటిని. ఆ మాట నాదే. జగిత్యాల త్రోవలో రాత్రి తొమ్మిది గంటలవేళ వెనుక ఎడమటైరు పగిలినది. బండి ఒరిగి కాయలన్నియు బాటప్రక్క కాలువలో పడెను. గంపలమీద కూర్చున్న హమాలీ క్రిందపడి భుజము విరిగెను. ప్రాణమునకు ముప్పు తప్పినది. కాని ఆ చేయి నేటికిని తలవరకు లేవదు. అతడు మూటలు మోయుట మానినాడు.

తిత్తులకు గీతయైన పడలేదు. అవి చెక్కుచెదరక, గాలితో బిగిసి, ఒరిగిన బండిని ఇంకను ఎత్తిపట్టుకొనియే యుండెనట. అదియే నన్ను చాల దినములు నిద్రపోనీయలేదు. తిత్తి ఛాసీని ఇరుసునుండి పైకెత్తును. ఎత్తిన బరువు మరల ఆ యిరుసుమీదనే పడును. ఇరుసునుండి బేరింగులకు, బేరింగులనుండి టైర్లకు. కమాను వంగినను, వంగకున్నను టైరుపై పడు బరువులో గురిగింజయంతయు తగ్గదు. వేసవిలో కాగిన తారుబాటమీద మితిమీరిన బరువుతో టైరు లోలోపల ఉడుకును. కూర్చుండిన కమాను మాకు చాలునని చెప్పియుండెడిది. ఎద్దువలె నిలిచిపోకున్నను, కనీసము వంగి చూపెడిది. మేము గాలి కొట్టి ఆ సాక్షి నోరు మూయించితిమి. చట్టమునకును తిత్తితో పనిలేదు. రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన బరువే బరువు. దానిని మీరినచో 2019 నాటి సవరణ ప్రకారము 20,000 రూపాయలును, అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును దండుగ. దండుగ కట్టవచ్చును, ఆ హమాలీ చేతిని ఎవ్వరును తిరిగి ఇయ్యలేరు.

అప్పటినుండి ఈ తిత్తులున్న బండి యెక్కడ కనబడినను ఆగి, మెకానిక్కులను, డ్రైవర్లను ప్రశ్నించుచు వచ్చితిని. ముసలివాడని విసుగుకొనక చెప్పిరి. వారి మాటలలో నాకు సరియని తోచినవి కొన్ని చెప్పెదను. సిరిసిల్ల బట్టలబేళ్లు బరువుకంటె ఎత్తు ఎక్కువ. 2017లో సర్కారువారు బతుకమ్మ చీరలు అచ్చటి మగ్గములమీద నేయించుట మొదలిడిన పిమ్మట అట్టి బండ్లు ఎన్నియో పోవుట చూచితిమి. ఎత్తైన సరుకునకు రెండు తిత్తులకును ఒకే గొట్టము పెట్టరాదు. మలుపులో బరువు పడిన వైపు తిత్తిలోని గాలి గొట్టముద్వారా రెండవవైపునకు పారి, ఒరుగు బండిని మరింత ఒరుగజేయును. ఎడమకు వేరు గొట్టము, కుడికి వేరు గొట్టము ఉండవలయును. జగిత్యాల తోటల గట్టుదారులలో మరొక చిక్కు. ఒక చక్రము గుంతలో దిగినపుడు ఇరుసు ఆ వైపున చాల దూరము జారును. తిత్తి దాని మేర దాటి సాగి చిరుగును. అట్టి దారులలో మెల్లగా పోవుటయే మందు. బొత్తిగా గాలి లేక నడపినచో తిత్తి మడతపడి, ఆ మడతలో నలిగి పాడగును. ఖాళీబండిలోను అయిదారు పౌండ్ల గాలి యుంచవలెనందురు. పొగగొట్టము వేడి తగులనీయరాదు. కోరుట్ల పసుపుమూటల విషయమున తిత్తికంటె పాత సేద్యగాని తెలివియే మిన్న: మూటలను వెనుకతలుపువైపు పేర్చక, ఇరుసునకు కొంచెము ముందుగా ఒదుగునట్లు సర్దవలెను.

మా శిష్యుడు తిత్తులను తీసివేయలేదు. వాడు చేసినది వేరు. ఖాళీబండి సమనేలమీద నుండగా చక్రముపై రేకు అంచునకును నేలకును నడుమ ఎన్ని అంగుళములున్నదో కొలిచి తలుపు లోపల తెల్లరంగుతో వ్రాసికొనెను. ఇప్పుడు కాయలు నింపునపుడు తిత్తిలో ఆ అయిదు పౌండ్లే యుంచును. కమానును కూర్చుండనిచ్చును. అది యెంత కూర్చుండెనో కొలిచి చూచును. పాత గుర్తు దాటినదా, గంపలు దింపును. దాటనిచో కాంటామీదికి పోయి తూచి, చీటి చొక్కా జేబులో పెట్టుకొని, అటుపిమ్మట గాలి కొట్టి బండిని మట్టము చేయును. టైర్లలో గాలిని వేరుగా చూచుకొనును. గంపలమీద నెవ్వరిని కూర్చుండనీయడు.

మొన్నటి కాపున మా కాయలు రెండు దఫాలుగా పోయినవి. రెండవ దఫా కిరాయి నేనే యిచ్చితిని. ఆ హమాలీ యిప్పుడు అదే కాంటాయొద్ద చీటీలు వ్రాయుచున్నాడు. చేయి ఎత్తనక్కరలేని పని.